పైపుకి చలేస్తే

డిసెంబరు ఆఖర్లో తెనాలిలో ఏ వీధికి వెళ్ళినా పిట్టగోడల మీద కొబ్బరినూనె సీసాలు ఎండ కాగుతూ కనిపిస్తాయి. 24 డిగ్రీల కిందకి దిగితే చాలు, అది గడ్డకడుతుంది. కాలేజీకి టైమైపోతున్న వాళ్ళు సీసాని వేణ్ణీళ్ళ చెంబులో ముంచుతారు. అదీ కుదరని వాళ్ళు పుల్ల పెట్టి కెలుకుతారు. రిఫైనరీలూ కెమికల్ ప్లాంట్లూ పడే అవస్థ కూడా సరిగ్గా ఇదే. కాకపోతే అక్కడ సీసా బదులు కిలోమీటర్ల పొడుగు పైపు, నూనె బదులు గంధకమో తారో కాస్టిక్ సోడానో ఉంటుంది. వేణ్ణీళ్ళ చెంబు పద్ధతిని వాళ్ళు స్టీమ్ ట్రేసింగ్ అంటారు. పైపు పక్కనే ఆవిరి గొట్టం నడుపుతారు. పుల్ల దాకా వచ్చిందంటే యూనిట్ ఆగిపోయినట్టే. ఇంకో పద్ధతి ఉంది. సీసాకి కరెంటు తీగ చుట్టి, దానికి ఎప్పుడూ చలి వెయ్యకుండా చూడటం. నేను పదకొండేళ్ళు తిండి తిన్నది ఆ తీగ మీద.

దీనికి తెలుగులో పేరు లేదు. సైట్లో ట్రేసింగ్ అంటాం, కాగితాల మీద ఈహెచ్‌టీ అని రాస్తాం, ఎలక్ట్రిక్ హీట్ ట్రేసింగ్ అని. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మా ఊరి లైన్‌మన్ ఏం పని అని అడిగితే ఈహెచ్‌టీలో అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. కరెంటు డిపార్ట్‌మెంట్లో ఈహెచ్‌టీ అంటే ఎక్స్‌ట్రా హై టెన్షన్, 132 కేవీ, 220 కేవీ లైన్లు. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి "జాగర్తయ్యా" అని వెళ్ళిపోయాడు. ఆ గౌరవం పోగొట్టుకోవడం ఇష్టంలేక నేనూ సరిదిద్దలేదు. మా అమ్మ మాత్రం సూటిగా చెప్పేది: "మావాడు పైపులకి స్వెట్టర్లు కడతాడు."

గల్ఫ్‌లో పని అంటే అందరూ అడిగే ప్రశ్న ఒకటే. ఎడారిలో పైపుకి చలేంటి? నాకూ మొదట్లో నవ్వొచ్చింది. చలి అనేది మన ఒంటి లెక్క. గంధకం లెక్క వేరు. అది కరగాలంటే 115 నుంచి 119 డిగ్రీలు కావాలి. దానికి మే నెల ఎడారి కూడా హిమాలయమే. పోనీ గట్టిగా కాచి వదిలేద్దామా అంటే 160 దగ్గర అది ఉన్నట్టుండి చిక్కబడి బంకలా తయారవుతుంది, పంపు లాగలేదు. అరిసెల పాకం పట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాస్త ముందు దించితే ఒక గొడవ, కాస్త ఆలస్యమైతే ఇంకో గొడవ. ఆ రెండు గొడవల మధ్య సన్నటి సందు ఉంటుంది. ట్రేసింగ్ పనంతా ఆ సందులో పైపుని రాత్రీపగలూ నిలబెట్టడమే. ఫినాల్‌కి ఆ గీత 41 డిగ్రీలు. సగం నీళ్ళు కలిపిన కాస్టిక్‌కి పన్నెండు, పదమూడు దగ్గర, అంటే గల్ఫ్‌లో కూడా జనవరి తెల్లవారుజామున ఒక్కోసారి వచ్చేదే.

మన దేశంలోనే ఇంకా పెద్ద వింత ఉంది. రాజస్థాన్‌లో బాడ్మేర్ అంటే మండే ఎడారి. అక్కడ 2004లో దొరికిన మంగళ చమురు మైనం ఎక్కువగా ఉన్న క్రూడ్. మామూలు గది వేడిలో పారదు, షూ పాలిష్‌లాగా కూర్చుంటుంది. దాన్ని గుజరాత్ తీరం దాకా తీసుకెళ్ళడానికి కెయిర్న్ కంపెనీ దాదాపు 670 కిలోమీటర్ల పైపు వేసి, ఆ పొడుగునా 65 డిగ్రీల వేడిలో ఉంచుతోంది. నిరంతరం వేడి చేసే పైపులైన్లలో ప్రపంచంలో అంత పొడవైనది లేదంటారు. అక్కడ వాడింది మేం చుట్టే రకం తీగ కాదు. పైపుకి ఒక సన్నటి ఇనపగొట్టం అంటించి, దాని లోపల కేబుల్ నడుపుతారు. కరెంటు కేబుల్లో వెళ్ళి గొట్టం లోపలి చర్మం మీదుగా తిరిగొస్తుంది, ఆ దారిలో గొట్టం వేడెక్కుతుంది. స్కిన్ ఎఫెక్ట్ అనే మాట ఐటీఐ పుస్తకంలో ఒక లైనుండేది, పరీక్షలో రెండు మార్కులు. ఆ రెండు మార్కుల మీద 670 కిలోమీటర్ల చమురు నడుస్తోందని మా సారుకి తెలిసి ఉంటే ఆ లైను అంత గబగబా చదివి వెళ్ళిపోయేవాడు కాదేమో.

నేను తెనాలిలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. రెండేళ్ళ కోర్సు. ఇంటి వైరింగ్, మోటార్ స్టార్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ గుండెకాయ బొమ్మ. తర్వాత రెండేళ్ళు తెనాలిలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ వైరింగ్‌కి వెళ్ళాను. ఆ తర్వాత మావైపు కుర్రాళ్ళందరిలాగే షట్‌డౌన్ పనులు. రిఫైనరీ నెలో నలభై రోజులో ఆపి బాగుచేస్తారు, ఆ నలభై రోజులకి వందలమంది కావాలి. ఒకసారి వైజాగ్, ఒకసారి జామ్‌నగర్. మా గ్రూపులో రేపల్లె దగ్గర పల్లెటూరాయన ఒకాయన ఉండేవాడు. చుట్టరికమేం లేదు, వరస మేమే కలుపుకున్నాం. అందరికీ బాబాయ్. ఆయనే నాకు మొదటిసారి ఈ కేబుల్ చేతికిచ్చాడు.

చూస్తే ఏముంది, చపటగా, వేలెడు వెడల్పున, గేదె పలుపులాగా ఉంది. పైన ప్లాస్టిక్ తొడుగు, దాని కింద అల్లిన రాగి జడ, దాని కింద ఇంకో తొడుగు, మధ్యలో నల్లటి గుజ్జు, ఆ గుజ్జుకి అటూ ఇటూ రెండు రాగి తీగలు. నేను ఇంటి వైరింగ్ బుద్ధితో అనుకున్నాను: హీటర్ కదా, ఇవతల ఫేజూ న్యూట్రలూ ఇస్తాం, అవతల కొన దగ్గర రెండు తీగలూ కలిపేస్తే సర్క్యూట్ పూర్తవుతుంది. కొత్తవాళ్ళందరూ అలాగే అనుకుంటారని ఆయనకి తెలుసు. అందుకే నేను నోరు తెరవకముందే అందుకున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, చివర రెండూ కలిపి మెలితిప్పావా, ఢామ్మనిద్ది. ఇది పొయ్యిలో కాయిల్ కాదు."

"మరి కరెంటు ఎట్టా తిరిగొస్తది బాబాయ్?"

"ఆ నల్లదాన్ని అడుగు."

నల్లదంటే ప్లాస్టిక్‌లో కలిపిన మసి. చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, మసి రేణువులు ఒకదాన్నొకటి తాకుతాయి, ఒక రాగి తీగ నుంచి ఇంకో రాగి తీగకి కరెంటు ఆ మసి దారుల్లో దాటుతుంది, వేడి పుడుతుంది. వేడెక్కేకొద్దీ ప్లాస్టిక్ ఉబ్బుతుంది, దారులు తెగుతాయి, కరెంటు దానంతటదే తగ్గుతుంది. స్విచ్ లేదు, మెదడు లేదు. కేబుల్లో ప్రతి అంగుళం తన కింద పైపు ఎంత చల్లగా ఉందో చూసుకుని తన సంగతి తను తేల్చుకుంటుంది. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని రేకెమ్ కంపెనీ దీన్ని బజార్లోకి తెచ్చింది. సెల్ఫ్ రెగ్యులేటింగ్ అంటారు. నాకు ఇప్పటికీ ఆ మసి ఆలోచన తలుచుకుంటే ముచ్చటేస్తుంది. అంత తెలివి అంత నల్లగా, అంత చవగ్గా ఉండటం.

అయితే దానికీ ఒక హద్దుంది. ఎంత పొడుగు కావాలంటే అంత లాగలేం. రేపల్లె వాళ్ళకి చెప్పడం తేలిక. కృష్ణా పశ్చిమ డెల్టాలో మాది కాలవ చివరి భూమి. పైన ఉన్న పొలాలన్నీ తాగాక మిగిలితే మా బోదెలోకి వస్తుంది. కేబుల్లోనూ అంతే. మొదట్లో ఉన్న అంగుళాలు కరెంటు లాగేసుకుంటే చివరికి వెళ్ళేసరికి ఓల్టేజీ చాలదు. అందుకే ప్రతి కేబుల్‌కి ఇంత పొడుగే అని కంపెనీ పట్టిక ఇస్తుంది. పైగా పైపు బాగా చల్లగా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే ఒక్కసారిగా అన్ని దారులూ తెరుచుకుని ఉంటాయి కాబట్టి మొదటి కొద్ది నిమిషాలు మామూలుకంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. నాట్లప్పుడు కాలవ వదిలిన మొదటిరోజు లాగా. ఆ లెక్క చూసుకోకుండా బ్రేకర్ పెడితే అది రోజూ పడిపోతుంది, కేబుల్ చెడిపోయిందని అందరూ కేబుల్ని తిడతారు.

పని ఎలా ఉంటుందో చెప్పకుండా పనిగురించి రాయడం మన గల్ఫ్ కథలకి అలవాటైపోయింది. ఏజెంటు మోసం ఉంటుంది, పాస్‌పోర్టు లాక్కున్న యజమాని ఉంటాడు, శవపేటిక వస్తుంది. అవన్నీ నిజమే, రాయాల్సినవే. కానీ ఆ కథల్లో మనిషి రోజుకి పది గంటలు చేసే పని ఒక్క వాక్యంలో అయిపోతుంది: "ఎండలో కష్టపడేవాడు." ఏం కష్టం? చేతుల్తో ఏం చేసేవాడు? పత్తి పొలం గురించి, మగ్గం గురించి మన కథకులు ఎంత వివరంగా రాశారో తెలిసినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. తెనాలిలో పుట్టి ఫిజిక్స్ చదివిన కొడవటిగంటి కుటుంబరావు లాంటి వాళ్ళని చదివిన ఊరు మాది. ఒక మసి ప్లాస్టిక్ తనంతట తను ఆలోచిస్తుందంటే ఆయన ఊరుకునేవాడు కాదనిపిస్తుంది.

సరే, పని. ముందు రీల్ మీద ఉండగానే కేబుల్‌కి మెగ్గర్ పెట్టి చూడాలి. తర్వాత పైపు పొడుగునా లాగాలి, ఈడ్చకూడదు, మడత పడకూడదు. పైపు అడ్డంగా వెళుతుంటే కేబుల్‌ని పైన కట్టకూడదు. నెత్తిమీద అయితే ఎవరైనా పైపు మీద నడిచి తొక్కుతారు. మరీ అడుగున అయితే కారిన నీళ్ళూ నూనే అక్కడే చేరతాయి. అందుకని పైపు కోసిన ముఖాన్ని గడియారం అనుకుని నాలుగు గంటల చోటో ఎనిమిది గంటల చోటో కడతాం. కొత్త కుర్రాణ్ణి నిలబెట్టి "ఎన్ని గంటలు?" అని అరిస్తే వాడు చేతి గడియారం చూసుకోవడం ప్రతి బ్యాచ్‌లోనూ జరిగే సరదా. అడుగుకొక చోట ఫైబర్ గ్లాస్ టేపు. ప్లాస్టిక్ వైరు ట్యాగులు ససేమిరా వద్దు, కరిగిపోతాయి. తిన్నగా వెళ్ళే పైపు ఎవరైనా కడతారు. వాల్వ్ దగ్గరే పనితనం తెలిసేది. వాల్వ్, ఫ్లాంజి, సపోర్టు, ఇవన్నీ ఇనప ముద్దలు, వేడిని గాలిలోకి లాగేస్తాయి. అక్కడ కేబుల్ అదనంగా ఇవ్వాలి, ఎంత ఇవ్వాలో పట్టిక ఉంది. ఇచ్చింది ఎలా చుట్టాలో పట్టిక లేదు. రేపు ఎవడో మెయింటెనెన్స్‌వాడు వాల్వ్ విప్పి పక్కన పెట్టాలంటే కేబుల్ కొయ్యకుండా విప్పగలిగేలా లూప్ వదలాలి. బాబాయ్ చుట్టిన వాల్వ్‌లు దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళం. జడ వేసినట్టుండేవి.

ఇవన్నీ జూన్ నెలలో, నీడలో 45 డిగ్రీలు, ఒంటిమీద పూర్తి కవరాలూ నడుముకి హార్నెస్సూ, పైప్‌రాక్ మీద మూడో అంతస్తులో. వేడి పుట్టించే తీగని వేడిలో కూర్చుని కట్టడం. ఎవరన్నా జోకేద్దామనుకున్నా నోరెండిపోయి ఉంటుంది.

ఆ తర్వాత ఇన్సులేషన్ గ్యాంగ్ వస్తుంది. రాక్‌వూల్ చుడతారు, దానిమీద అల్యూమినియం రేకు తొడిగి మరలు బిగిస్తారు. మేం పదిరోజులు కట్టింది వాళ్ళు రెండురోజుల్లో మూసేస్తారు. ఇక ఆ కేబుల్ని ఎవరూ చూడరు. బాగుంటే పాతికేళ్ళు చూడరు. రేకు మీద అక్కడక్కడ పసుపు స్టిక్కరు మాత్రం ఉంటుంది, లోపల కరెంటు ఉంది, జాగ్రత్త అని.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, మన లిపికి పూర్వీకులని చెప్పుకునేవి. ఏం రాశారయ్యా అంటే ఎక్కువగా పేర్లే. ఆ భరిణెలు చేయించిన వాళ్ళవి, గోష్ఠి సభ్యులవి. పేర్లు చెక్కి, స్తూపం లోపల పెట్టి, పైన ఇటుకలు పేర్చి మూసేశారు. ఎవరు చదవాలని చెక్కారో నాకు తెలీదు. నేనా రైల్లో వెళ్ళినప్పుడల్లా మాత్రం మెగ్గర్ షీటు గుర్తొస్తుంది.

మెగ్గర్ షీటు ఏంటంటే, ప్రతి సర్క్యూట్‌కి ఒక వరస ఉంటుంది. కేబుల్లోని రెండు రాగి తీగల్నీ కలిపి మెగ్గర్ ఒక కొనకి, రాగి జడని ఇంకో కొనకి తగిలించి 2500 వోల్టుల డీసీ పంపాలి. మధ్యలో తొడుగు బాగుంటే కరెంటు దాటదు, మెగ్గర్ పెద్ద అంకె చూపిస్తుంది. కనీసం 20 మెగా ఓమ్‌లు రావాలి. నిమిషం పాటు పట్టుకోవాలి. ఇలా మూడుసార్లు: రీల్ మీద, కట్టాక, ఇన్సులేషన్ మూశాక. మూడోదే ముఖ్యం. ఎందుకంటే రేకు మరలు గుడ్డివి. సన్నటి ట్యూబింగ్ దగ్గర, వంపుల దగ్గర ఇన్సులేషన్ పలచగా ఉంటుంది, మర పొడుగుదైతే తిన్నగా కేబుల్లో దిగుతుంది. అయితే మూడోసారి టెస్ట్ చేసే టైముకి సైట్లో అందరూ అలసిపోయి ఉంటారు, హ్యాండోవర్ తేదీ నెత్తిమీద ఉంటుంది. నిజంగా టెస్ట్ చేసిన షీటు చూస్తే తెలిసిపోతుంది. 480, 1200, 95, 610, అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. చెయ్యని షీటు మీద అన్నీ 500, 500, 500. ఒకే పెన్ను, ఒకే వాలు.

గల్ఫ్‌లో ఒక రిఫైనరీలో మేమున్న కాంట్రాక్టరు కింద ఒక యూనిట్‌లో 46 సర్క్యూట్లు. బాబాయ్ టెక్నీషియన్, నేను ఆయనకి జోడీ. మెగ్గర్ పట్టుకునేది నేను, పెన్ను పట్టుకునేది ఆయన. మూడో టెస్ట్ 35 సర్క్యూట్లకి అయింది, 11 మిగిలాయి. మర్నాడు పొద్దున హ్యాండోవర్. రాత్రి పనికి పర్మిట్ రాలేదు. సూపర్‌వైజర్ మంచివాడే, పండక్కి బిర్యానీ తెప్పించేవాడు. తేదీ దాటితే కంపెనీకి పెనాల్టీ పడుతుంది, అది ఆయన మెడకి చుట్టుకుంటుంది. వచ్చి మెల్లిగా అన్నాడు: "లిఖ్ దో భాయ్, కౌన్ దేఖేగా."

బాబాయ్ ఏమీ వాదించలేదు. ఆయనకి హిందీ అంతంతమాత్రం, వాదించాలంటే మాటలు దొరకవు. షీటు తీసుకుని ఆ పదకొండు గడుల్లో ఒక్కోదాంట్లో "నాట్ టెస్టెడ్" అని పెద్ద అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఇంగ్లీషులో ఆయన తప్పులేకుండా రాయగలిగిన కొద్ది మాటల్లో అవి రెండు.

ఆ రాత్రి క్యాంపులో మావాళ్ళే ఆయన్ని తిట్టారు. "ఆ పదకొండూ మనం కట్టినయ్యే గదా, బాగోకేం ఉంటయ్" అన్నారు. "కట్టింది మనవే. మరలు కొట్టింది మనం కాదుగా" అన్నాడాయన. ఇంకొకడు "నీకెందుకు బాబాయ్, ప్లాంటు నీదా" అన్నాడు. దానికి జవాబు చెప్పకుండా దుప్పటి కప్పుకున్నాడు. ఏసీ గదిలో అందరం దుప్పట్లు కప్పుకునే పడుకునేవాళ్ళం, అదో విచిత్రం.

మర్నాడు క్లయింటు ఇన్‌స్పెక్టర్ షీటు చూసి హ్యాండోవర్ ఒకరోజు జరిపాడు. ఆ రోజంతా పదకొండూ టెస్ట్ చేశాం. పది బాగానే ఉన్నాయి. ఈ మాట దాచకూడదు. పది బాగానే ఉన్నాయి, అంటే సూపర్‌వైజర్ చెప్పినట్టు రాసి ఉంటే పదకొండింట పది వరసలు నిజమే అయ్యేవి. పదకొండోది 3 మెగా ఓమ్‌లు చూపించింది. రేకు విప్పితే వంపు దగ్గర మర ఒకటి తొడుగునీ జడనీ చీల్చుకుని దిగి ఉంది.

ఆ సర్క్యూట్ పెద్ద పైపుది కూడా కాదు. ఇంపల్స్ లైన్ అంటారు, అర అంగుళం ట్యూబ్. తారులాంటి బరువు నూనె వెళ్ళే పైపు నుంచి ప్రెషర్ కొలిచే ట్రాన్స్‌మిటర్ దాకా వెళుతుంది. దాంట్లో నూనె పారదు, ప్రెషర్‌ని మోస్తూ నిలబడి ఉంటుంది, అంతే. అది చల్లబడి గడ్డకడితే ఏమవుతుంది? ఏమీ అయినట్టు కనపడదు. అదే అసలు భయం. కంట్రోల్ రూములో ప్రెషర్ అంకె అలాగే నిలబడిపోతుంది. పెద్ద పైపులో ప్రెషర్ పెరిగినా తరిగినా తెర మీద పాత అంకే. కూర్చున్నవాడు అంతా ప్రశాంతంగా ఉందనుకుంటాడు. పైపు పక్కన నిలబడి ఉండేది మాలాంటోళ్ళం, శాంపిల్ పట్టేవాడో, వాల్వ్ తిప్పేవాడో.

మూడు నెలల తర్వాత కాంట్రాక్టులు పొడిగించారు. బాబాయ్ పేరు జాబితాలో లేదు. ఎందుకు లేదో కంపెనీ చెప్పలేదు, వయసన్నారు ఎవరో. నా పేరుంది. చెల్లి పెళ్ళి అప్పు ఇంకా సగం ఉంది. నేను ఇంకో రెండేళ్ళున్నాను. ఎయిర్‌పోర్టు బస్సు దగ్గర ఆయన నాకు తన స్ట్రిప్పర్ ఇచ్చి "మొద్దుబారనియ్యమాక" అన్నాడు. అంతకుమించి ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఆయన్ని గొప్పవాణ్ణి చెయ్యాలి, అది ఆయనకి చిరాకు.

కోవిడ్ తర్వాత నేను వచ్చేశాను. ఇప్పుడు తెనాలిలో ఉంటాను, పని బాపట్ల నుంచి నిజాంపట్నం దాకా తీరం పొడుగునా ఉంటుంది. మావైపు పరిశ్రమంతా వేడితో యుద్ధమే. ఐస్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ఫ్రీజర్లు. ఇక్కడ పైపులకి ఇన్సులేషన్ చుట్టేది లోపలి చల్లదనం బయటికి పోకుండా. ఇక ట్రేసింగ్‌తో నాకు పని పడదనుకున్నాను. మొదటి నెలలోనే ఒక రొయ్యల ప్లాంటు ఫ్రీజర్ గదిలో కనపడింది, అదే చపట తీగ.

మైనస్ 18 గదిలో కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుతుంది. అప్పుడప్పుడు దాన్ని కరిగిస్తారు, ఆ నీళ్ళు ట్రేలో పడి డ్రెయిన్ పైపు ద్వారా బయటికి పోవాలి. కానీ ఆ పైపూ మైనస్ 18 గదిలోనే ఉంది కదా. నీళ్ళు బయటికి చేరేలోగా పైపులోనే గడ్డకడతాయి. అందుకని డ్రెయిన్ పైపుకి హీటర్ కేబుల్ ఉంటుంది. తలుపు చట్రంలోనూ ఉంటుంది, లేకపోతే రబ్బరు బీడింగ్ చట్రానికి అతుక్కుపోయి తలుపు రాదు. బయట నలభై డిగ్రీలు, లోపల మైనస్ 18, మధ్యలో తలుపుకి వేడి. నాకు ఎడారిలో వచ్చిన నవ్వే మళ్ళీ వచ్చింది, తిరగేసి.

డ్రెయిన్ హీటర్‌ని ఎవరూ లెక్కచెయ్యరు. కంప్రెసర్ ఆగితే యజమాని అర్ధరాత్రి కారేసుకొస్తాడు. డ్రెయిన్ హీటర్ పోతే ఎవరికీ ఫోన్ రాదు. ట్రే నిండి, నీళ్ళు నేల మీదకి కారి, కారిన చోటే అద్దంలా గడ్డకడతాయి. రొయ్యల ప్లాంట్లలో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. గంబూట్లు వేసుకుని పెట్టెలు మోసుకుంటూ ఆ గదుల్లో తిరుగుతారు. నేను పనికి వెళ్ళే ఒక చోట అలా జారి ఒకావిడ మణికట్టు విరిగింది. చూసి నడవాలి కదమ్మా అన్నారు. నేను డ్రెయిన్ పైపు విప్పి చూశాను. కేబుల్ చచ్చి చాలాకాలమైంది. రిజిస్టరులో మాత్రం ప్రతి నెలా దాని ఎదురుగా టిక్కు ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు.

బాబాయ్ రేపల్లెలో మోటార్ వైండింగ్ షెడ్డు పెట్టుకున్నాడు. చెరువుల్లో రొయ్యలకి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లు ఉప్పునీళ్ళకి కాలిపోతూనే ఉంటాయి. "ఉప్పున్నంత కాలం నాకు పని ఉండిద్ది" అంటాడు. షెడ్డు వెనక రెండు ఇటుక దిమ్మల మీద ఒక మూడంగుళాల జీఐ పైపు, దానికో పాత గేట్ వాల్వ్, రెండు ఫ్లాంజీలు. మావైపు కుర్రాళ్ళు ఎవరైనా గల్ఫ్‌కో, కజకిస్తాన్‌కో వెళ్ళడానికి ట్రేడ్ టెస్ట్ ఉందంటే వాళ్ళని అక్కడికి తోలతారు. నేను తెచ్చిన కేబుల్ ముక్కలు, ఎండ్ సీల్ కిట్లు రెండు మూడు ఉన్నాయి. ఆదివారాలు నేనూ వెళతాను. ఏజెంట్లు డబ్బు కట్టించుకుని పాఠం చెబుతామంటారు, చెప్పేది ఇంటర్వ్యూలో అడిగే ఇంగ్లీషు ముక్కలు.

పోయిన ఆదివారం బాపట్ల నుంచి ఒక కుర్రాడొచ్చాడు. ఐటీఐ అయింది, వయసు ఇరవై ఒకటి, ఫోన్ మీదనుంచి కళ్ళు తియ్యడు. చేతులు మాత్రం మంచివి. వాల్వ్ మీద లూప్ ఒక్కసారి చూపిస్తే పట్టేశాడు. ఎండ్ సీల్ దగ్గర అందరిలాగే రెండు తీగలూ దగ్గరికి తెచ్చాడు, నేను నోరు తెరిచేలోగా వాడే ఆగి నా మొహం చూశాడు. యూట్యూబ్‌లో చూశాడంట. రెండు తీగలూ వేర్వేరు పొడుగుల్లో కత్తిరించి సీల్ తొడిగాడు. తర్వాత మెగ్గర్ తగిలించాం. బటన్ నొక్కి పట్టుకున్నాడు. ముల్లు లేచి నిలబడింది.

"అన్నా, ఐదొందలు" అని పెన్ను అందుకోబోయాడు.

లోపల వైండింగ్ వేస్తున్న బాబాయ్ తలెత్తకుండానే అన్నాడు. "నిమిషం కాలా. చెయ్యి తియ్యమాక."

వాడు పెన్ను కింద పెట్టి మళ్ళీ రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ముల్లు మెల్లిగా పక్కకి జరుగుతోంది. "నాలుగొందల అరవై అన్నా" అన్నాడు. "ఏం రాయాలి?"

"ఎంతుంటే అంత" అన్నాన్నేను. ఇంకా ఇరవై సెకన్లున్నాయి.